పైపు మీద రెండు దెబ్బలు

ఎడ్వర్డ్ క్యాంటీన్‌లో కూర్చున్నాడంటే చుట్టూ ఉన్నవాళ్ళ చాయ్ చల్లారాల్సిందే. చెప్పేది పాత ముచ్చటే అయినా, చివర్లో ఎవరు నవ్వులపాలవుతారో ముందే తెలిసినా, లేవబుద్ధి కాదు. నవ్వులపాలయ్యేది ఎప్పుడూ ఎడ్వర్డే.

"నా నౌకరి ఏందో ఎరుకేనా? బాయిల నీళ్ళు కిందికొస్తయి. నేను మీదికి పంపుత. అవి మళ్ల కిందికే వస్తయి. నౌకరిల చేరినకాన్నుంచి గదే పని. నీళ్ళకు బుద్ధి లేదు సరే, నాకన్న ఉన్నదా?"

పంపు ఆపరేటర్ అతను. బొగ్గు తీసే చోట్లన్నీ దాటిపోయాక, బొగ్గుబాయి అట్టడుగు పల్లంలో ఒక పంపు, ఒక బల్బు, కూర్చోవడానికి ఒక చెక్క దిమ్మ. షిఫ్టంతా ఒక్కడే ఉండాలి. అందుకే బయటికొచ్చాక అంత మాట్లాడతాడని అతని పెండ్లాం సుసన్నా అనేది. "కింద మూటగట్టుకున్నదంత తెచ్చి మా నెత్తిన గుమ్మరిస్తడు."

గొంతు మాత్రం గొంతే. క్రిస్మస్ ముందర పాటలు పాడుకుంటూ క్వార్టర్ల వెంట తిరిగేటప్పుడు, ఎడ్వర్డ్ మొదటి లైన్లో ఎత్తుకుంటే ఆఖరి లైన్లో కుక్కలు లేచేవి. "దేవుడు నాకు గొంతిచ్చే తొందరల అకల్ ఇచ్చుడు మర్చిపోయిండు" అని తనే చెప్పుకుని తనే ముందు నవ్వేవాడు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది.

మొదట బొంగురుపోయింది. పడిశం అన్నాడు. మిరియాల చారు తాగాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. మింగుతుంటే చెవిలోకి సలుపు పాకినప్పుడు సుసన్నా రెక్క పట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది. అక్కణ్ణుంచి పట్నం పంపారు. పట్నంలో డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మెడ ముందు ఒక రంధ్రం పెడతాం, ఇక గాలి దాంట్లోంచే. మాట ఉండదు. తర్వాత తర్వాత ఏదైనా పరికరంతో కొంత మాట్లాడడం నేర్చుకోవచ్చు. ఇప్పుడు తీసేస్తే బాగయ్యే అవకాశం ఎక్కువ. ఆలస్యం చేస్తే నేను ఆ మాట అనలేను.

"సోమవారం వచ్చి చేరండి" అంది.

"రాను" అన్నాడు ఎడ్వర్డ్. డాక్టరమ్మ ముందు కాదు, అంత ధైర్యం లేదు. బస్సు బసంత్‌నగర్ దాటాక సుసన్నా ముందు అన్నాడు.

ఆ మాట మీద ఇంట్లో మూడు పొద్దులు పొయ్యి కన్నా సుసన్నా ఎక్కువ మండింది. శుక్రవారం ఫస్ట్ షిఫ్టుకు పోతుంటే టిఫిన్ డబ్బా చేతికివ్వకుండా గుమ్మానికి అడ్డం నిలబడింది. కోపమొస్తే బిడ్డ పేరుతోనే పిలిచేది.

"కెరోలిన్ నాయినా, ఒక్కటే అడుగుత. పోతవా, పోవా?"

"మాట లేని ఎడ్వర్డ్‌ను ఏం చేసుకుంటవే? గోడకు తగిలిస్తవా? నిండు గొంతుతోనే పోత నేను."

"నిండు గొంతా? ముత్యం కాక గిట్లనే అన్నడు. పోయి గాయన పెండ్లాం లస్మవ్వనడుగు, గాయన గొంతు ఎన్ని దినాలు దక్కిందో!"

ఎడ్వర్డ్ డబ్బా గుంజుకుని నడిచాడు.

ముత్యం కాక అతనికి పని నేర్పిన మనిషి. అదే పంపు, అదే దిమ్మ. గొంతులో అదే గడ్డ. కోత వద్దంటే వద్దన్నాడు. ఆఖరికి ఎడ్వర్డ్ చూడబోయేసరికి మంచంలో పెదవులు ఆడుతున్నాయి గానీ చప్పుడు లేదు. గుటక కూడా దిగట్లేదు. మొన్న వానల్లో పోయాడు. చనిపోయిన ఇంట్లో కూడా జోకు వెయ్యగలిగిన ఎడ్వర్డ్ ఆ రోజు లస్మవ్వ ముందు నోరు విప్పలేకపోయాడు.

పనిలో చేరిన మొదటి రోజు ముత్యం కాక ఒక సంగతి చెప్పాడు.

"బిడ్డా, పంపుకాడ మాట వినపడది. వచ్చేటోడు ఎవడైనా దూరంకెళ్ళి పైపు మీద కొడ్తడు. నువ్వు పానా తీసుకొని తిరిగి కొట్టాలె. ఒక్క దెబ్బంటే 'ఆగు'. రెండు దెబ్బలంటే 'ఉన్న'. పేరు పెట్టి ఎవ్వలు పిల్వరు."

"పిలిస్తే?"

"పలుకకు. పైపు మీద కొట్టు. మనిషైతే తిరిగి కొడ్తడు. గట్ల పిలిచేది తిరిగి కొట్టలేదు. దానికి నోరే గాని చేతులుండయి."

"నోటితోని పలికితే ఏమైతది కాకా?"

ముత్యం కాక దవడలో అంబర్ పొగాకు ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "పలికినోని గొంతు దానిదైతది."

ఈ ముచ్చట ఎడ్వర్డ్ క్యాంటీన్‌లో వందసార్లు చెప్పి నవ్వించాడు. చెప్పిన ప్రతిసారీ అందులో దెయ్యాన్ని చూసి పరుగెత్తేది తనే.

శుక్రవారం బయట ఎండ దంచుతోంది. కింద ఎప్పటిలాగే పొద్దు లేదు, మాపు లేదు. టోపీ లైటు పడినంత మేరే లోకం. పంపు గుర్రుమంటోంది. వెనక ఇటుక గోడ. గోడ అవతల బొగ్గు తీసేసి ఎప్పుడో మూసేసిన పాత పనిచోట్లు. తడి బొగ్గు వాసన, నానిన దిమ్మల పుల్లటి వాసన. ఎడ్వర్డ్ పైపు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. లోపల నీళ్ళు పరుగెత్తుతుంటే పైపు బతికున్న పశువు లాగా సన్నగా వణుకుతుంది. ఆ వణుకు అతనికి ఇష్టం.

పాట ఎత్తుకుందామనుకున్నాడు. మొదటి పలుకే గొంతులో చిరిగింది.

"నిండు గొంతు!" అనుకున్నాడు తన మీద తనకే నవ్వొచ్చి. "నిండిందే గాని దేంతోని నిండిందో చెప్పకపోతివి కొడుకా."

అప్పుడు కరెంటు పోయింది.

బల్బు ఆరింది. పంపు మూలిగి ఆగింది. ఇది కొత్తేమీ కాదు. మళ్ళీ వస్తుంది. టోపీ లైటు ఉండనే ఉంది. అరచేతి కింద పైపు వణుకు మెల్లగా చచ్చిపోయింది. నిశ్శబ్దం వచ్చి చెవుల్లో కూర్చుంది. ఎక్కడో నీటి చుక్క. కప్పులో ఎక్కడో బండ సర్దుకున్న చిటుకు. మళ్ళీ చుక్క.

అప్పుడొచ్చింది వాసన. జర్దా కలిపిన అంబర్ వాసన.

"ఎడ్వర్డూ..."

"ఆఁ, ఉన్న!" అన్నాడు ఎడ్వర్డ్.

అలవాటు. ఎవరు పిలిచినా, పిలవకపోయినా, ముందు పలికేది అతనే. బడిలో హాజరు పిలిచేటప్పుడు పక్కవాడి పేరుక్కూడా పలికి దెబ్బలు తిన్నవాడు. మాట బయటపడ్డాక గుర్తొచ్చింది. వీపు మీద చెమట చల్లబడింది.

పానా తీసుకుని పైపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఠంగ్... ఠంగ్...

ఆ మోత పైపు వెంట దూరం పోయింది. తిరిగి ఏమీ రాలేదు.

"కొట్టకురా..." గోడ అవతలి నుంచి మెత్తగా, బతిమాలుతున్నట్టు. "చేతులు లేవు నాకు."

ముత్యం కాక గొంతు. చివరి రోజుల గొంతు కాదు. నిండు గొంతు.

ఎడ్వర్డ్ టోపీ లైటు గోడ మీదికి తిప్పాడు.

"కాకా..." అన్నాడు గుసగుసగా. "నువ్వు పోయినవ్ కదనే."

"పోయిన. మంచిగున్న. గొంతు మంచిగైంది సూడు..."

నీటి చుక్క.

"కోతకు పోకురా ఎడ్వర్డూ."

ఈసారి గోడ అవతల కాదు. ఇవతల. పంపు కింద, సంపులో నిలిచిన నల్లటి నీళ్ళలోంచి. నీళ్ళు కదల్లేదు. మాట మాత్రం నీళ్ళ మీద పాకుతూ వచ్చింది.

"ఖరాబు చేసుకోకు. మంచి గొంతు నీది. ఎవ్వనికి లేదు..."

నిజం చెప్పాలంటే, అంత భయంలోనూ ఎడ్వర్డ్‌కు ఆ మాట తియ్యగా తగిలింది. మూడు రోజులుగా ఒక్కరూ అనని మాట. డాక్టరమ్మ అనలేదు. సుసన్నా అనలేదు. ఎవరైనా అనాలని తను కోరుకున్న మాట ఎట్టకేలకు ఒకరు అన్నారు. ఆ ఒకరు చచ్చినవాడు కావడం అతని ఖర్మ.

టోపీ లైటు పసుపయింది.

"మాట లేని ఎడ్వర్డ్‌ను ఏం చేసుకుంటరు?" ఇప్పుడు కుడి చెవి పక్కన. ఊపిరి లేదు, వేడి లేదు, మాట ఒక్కటే. "గోడకు తగిలిస్తరా? నిండు గొంతుతోనే రా..."

ఎడ్వర్డ్ వెంట్రుకలు లేచాయి.

ఇవి తన మాటలు. పొద్దున గుమ్మంలో సుసన్నాతో అన్నవి. అసలు తేడా చివరి మాటలో. తను 'పోత' అన్నాడు. ఇది 'రా' అంటోంది.

ఇక్కడ ఇంకొకరైతే కళ్ళు తిరిగి పడిపోయేవారు. ఎడ్వర్డ్‌కు మాత్రం కోపం వచ్చింది. భయం మీద కూర్చున్న కోపం, వణుకుతున్న కోపం, అయినా కోపమే. ఎవడైనా తన ముచ్చట ఎత్తుకుపోయి తనకే చెబితే క్యాంటీన్‌లో కూడా ఊరుకునేవాడు కాదు.

"కాకా" అన్నాడు. గొంతు సగం గాలి. "నా మాటే నాకు అప్పజెప్తున్నవానే?"

నీటి చుక్క.

"పుట్టినకాన్నుంచి నేను చెప్పిన సలహా ఒక్కటన్న సక్కగ పనిచేసిందా? నేను కొనమన్న బర్రె పాలియ్యలే. నేను గెలుస్తడన్నోడు యూనియన్ ఎలక్షన్ల గెలువలే. గంత తెలివిగల్లోని మాట... నువ్వు గూడ గదే అంటున్నవంటే..."

లైటు ఇంకా తగ్గింది. ఎర్రటి చుక్క.

"నువ్వు గూడ పోవద్దంటున్నవంటే, నేను పోవాల్సిందే. సోమారం కాదు, రేపే పోత. గీ గొంతు తీసుకపోయి పట్నంల డాక్టరమ్మకిస్త. నీకియ్య."

లైటు ఆరిపోయింది.

చీకటి. కళ్ళు తెరిచినా, మూసినా, ఒకటే.

"ఎడ్వర్డూ..."

ఎడమ పక్క.

"ఎడ్వర్డూ..."

నెత్తి మీద. కప్పుకు ఆనుకుని.

"పలుకు..."

"ఒక్కసారి పలుకురా..."

చల్లటిది ఏదో మెడ ముందు భాగాన్ని తాకింది. వేలు కాదు. చేతులు లేవన్నాడు కదా. అయినా తాకింది. సరిగ్గా డాక్టరమ్మ చూపించిన చోట.

ఎడ్వర్డ్ రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. పళ్ళు అరచేతిలో దిగాయి. పలకాలని ఉంది... గొంతు దానంతట అదే లేస్తోంది... నాలుక కొసకు వచ్చేసింది 'ఆఁ'...

ఠంగ్... ఠంగ్...

పైపు మీద. దూరంగా. రెండు దెబ్బలు.

ఎడ్వర్డ్ చీకట్లో పానా తడుముకున్నాడు. దొరకలేదు. టోపీ తీసి దాంతోనే కొట్టాడు. రెండు. మళ్ళీ రెండు. మళ్ళీ.

మలుపులో వెలుతురు ఊగింది. మైనింగ్ సర్దార్ కిషన్, చేతిలో కర్రతో. ఎడ్వర్డ్ ముఖం మీద లైటు వేసి ఆగిపోయాడు.

"ఏందే అన్నా, గిట్లున్నవ్? టోపీ పగులగొట్టినవేంది?"

ఎడ్వర్డ్ మళ్ళీ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. తల ఊపాడు.

కిషన్ అతన్ని లేపి, రెక్క పట్టుకుని మీదికి నడిపించాడు. మనుషుల్ని మీదికి చేర్చే మాన్‌రైడింగ్ బండి దగ్గరికొచ్చాక, బల్బుల వెలుతుర్లో నిలబడి, ఇక ఆగలేక అడిగాడు.

"ఎవనితోని లొల్లి పెట్టుకున్నవే గక్కడ? రెండు గొంతులు వినవడ్డయి."

"ఒకటి... ముత్యం కాకది" అన్నాడు ఎడ్వర్డ్.

కిషన్ కర్ర చేతులు మార్చుకున్నాడు. "ఏమో అన్నా. నాకైతే రెండు నీయే అనిపించినయి. నువ్వే పిలుస్తున్నవ్, నువ్వే పలుకుతున్నవ్."

ఇంటికొచ్చిన మనిషి డబ్బా గూట్లో పెట్టి, "సంచి సర్దు, పట్నం పోదాం" అంటే సుసన్నా ముందు నుదురు ముట్టుకుని జ్వరం ఉందేమో చూసింది.

"పొద్దుగాల నేను గంత మొత్తుకుంటే వినకపోతివి. ఎవలు చెప్పిండ్రు నీకు?"

"పెద్దమనిషే" అన్నాడు ఎడ్వర్డ్. "పోవద్దని చెప్పిండు."

పట్నంలో ఆపరేషన్ గదికి తోసుకుపోయే బండి మీద పడుకున్నప్పుడు, నర్సు, "ఏమైనా చెప్పుకునేది ఉంటే చెప్పుకోండి సార్" అంది. సుసన్నా అతని చెయ్యి పట్టుకుని నిలబడింది. పెదవులు బిగబట్టింది. ఏడిస్తే ఓడిపోయినట్టు ఆమె లెక్క.

ఎడ్వర్డ్ చాలాసేపు ఆలోచించాడు. జీవితంలో ఆలోచించి మాట్లాడడం కూడా అదే మొదలు, అదే చివర.

"ఇగ నువ్వే గెలిచినవ్ పో" అన్నాడు బొంగురుగా. "ఎదురు చెప్పేటోడు లేడు."

"నువ్వు జల్దిన రా" అంది సుసన్నా. "కనుబొమ్మలతోనన్న కొట్లాడుదువు."

కోత అయింది. రేడియేషన్ కరెంటు కూడా పెట్టారు. మెడ ముందు రంధ్రం, దాని మీద సుసన్నా కుట్టిన తెల్లటి పల్చటి గుడ్డ. వాసనలు పోయాయి. గాలి ముక్కులోంచి పోదు కాబట్టి అంతేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. కూరలో ఉప్పు తెలుస్తుంది గానీ కరివేపాకు తెలియదు. మాట లేదు. కానీ ముచ్చట ఆగలేదు. బాయి మీద, టోపీ లైట్లిచ్చే ల్యాంపు రూము దగ్గర కూర్చునే డ్యూటీ ఇచ్చారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎడ్వర్డ్ చేతులతో, కనుబొమ్మలతో, గ్లాసులతో పాత కథలే చెబుతాడు. దెయ్యాన్ని చూసి పరుగెత్తే తన నడక చూపిస్తే ఇప్పటికీ చాయ్ చల్లారుతుంది. నవ్వొస్తే మెడలోంచి ఈల లాంటి గాలి పోతుంది. దానికి ఇంకా నవ్వుతారు. మళ్ళీ చూసిన డాక్టర్లు గడ్డ జాడ లేదు, శుభ్రంగా ఉందన్నారు.

కింద ఆ పల్లం మొత్తం గోడ కట్టి మూసేశారు. అక్కడ బొగ్గు అయిపోయింది. పంపు ఎత్తుకొచ్చారు. పైపు ముక్కలుగా విప్పి మీదికి చేరవేశారు. అందులో ఒక ముక్కను కిషన్ ల్యాంపు రూము పక్కన నీడలో రెండు రాళ్ళ మీద అడ్డంగా వేయించాడు.

"నీ పాత దోస్తు అన్నా. కూసో."

ఎడ్వర్డ్ రోజూ దాని మీదే కూర్చుంటాడు. రెండు వైపులా నోరు తెరుచుకున్న ఇనప ముక్క అది, దేనికీ అతికి లేదు. వంగి ఇటు నుంచి చూస్తే అటు చివర గుండ్రంగా ఆకాశం కనపడుతుంది.

ఒక మధ్యాహ్నం సెకండ్ షిఫ్టు వాళ్ళు దిగిపోయారు. బాయి మీద ఎండ, దూరంగా లారీల మోత. ఎడ్వర్డ్ డబ్బా విప్పాడు.

అంబర్ వాసన వచ్చింది.

ముద్ద చేతిలోనే ఆగింది. కోత అయినప్పటి నుంచి అతనికి ఏ వాసనా లేదు. పక్కింటి వాళ్ళ ఎండుచేప కూడా తెలియలేదు. ఇది మాత్రం తెలిసింది. జర్దా కలిపిన అంబర్. తడి బొగ్గు.

"ఎడ్వర్డూ..."

తను కూర్చున్న పైపులోంచి.

ఎడ్వర్డ్ లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత అతని మీసం కింద మెల్లగా నవ్వు పాకింది. 'పిలువు కాకా. మంచిగ పిలువు. పలికేది ఏడున్నది నా దగ్గర? ఉన్నదాన్ని కోసి అవతల పారేసిండ్రు.' పెదవులతోనే అన్నాడు. చేతులు నడుం మీద పెట్టుకుని, గెలిచినవాడిలా, వంగి పైపులోకి చూశాడు.

అటు చివర ఆకాశం లేదు.

నలుపు. లోపల ఎక్కడో, చాలా లోతున, నీటి చుక్క.

"ఎడ్వర్డూ..."

"ఆఁ, ఉన్న!"

పైపులోంచి పలికింది ఎడ్వర్డ్ గొంతే. బొంగురు లేని గొంతు. క్రిస్మస్ పాటలు ఎత్తుకున్న గొంతు. లైన్ చివర కుక్కల్ని లేపిన గొంతు.

అతను వెనక్కి జరిగాడు. భయపడినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ల్యాంపు రూము మెట్టు మీద పానా ఉంది. తీసుకుని, రెండు చేతులతో ఎత్తి, పైపు మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఆగు.

గొంతు తెగినట్టు ఆగిపోయింది. వాసన పోయింది. వంగి చూస్తే అటు చివర గుండ్రంగా, నీలంగా, ఆకాశం.

ఎడ్వర్డ్ మెడలోంచి ఈల వేస్తూ నవ్వాడు. చెమట తుడుచుకుని, పైపు మీద అరచెయ్యి ఆనించి, మళ్ళీ కూర్చోబోయాడు.

అరచేతి కింద ఇనుము సన్నగా వణికింది.

ఠంగ్... ఠంగ్...

రెండు దెబ్బలు. లోపలి నుంచి.

చేతులున్నవాడే తిరిగి కొడతాడు. మనిషైతేనే కొడతాడు.

ఎడ్వర్డ్ చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయింది. గుడ్డ కింద ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టి, ఊపిరి వస్తోందా లేదా చూసుకున్నాడు. వస్తోంది. వెచ్చగానే ఉంది. ఇక్కడ ఉన్నది తనే.

మరి లోపల 'ఉన్న' అంటున్నది ఎవరు?

ఠంగ్... ఠంగ్...

ఎడ్వర్డ్ పళ్ళు బిగించి పానా మళ్ళీ ఎత్తాడు.